నేస్తం వదిలిపోయిన నాలుగు మూటలు

మొన్న ఆదివారం మీరు నలుగురూ మా ఇంటికొచ్చి, కాఫీ ధరలు కూలిపోయినప్పుడు మార్కెట్‌ని దాని మానాన వదిలెయ్యాలా, గవర్నమెంటు పగ్గాలు పట్టుకోవాలా అని తెగ వాదించుకున్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ విన్నాను. మన సంస్థలో కొత్తగా చేరినవాళ్లు, పెద్ద చదువులు చదివినవాళ్లు, మీ మాటల్లో సగం నాకు అంతుబట్టలేదు. "ఆ రోజుల్లో మీరు అరకులోనే ఉన్నారు కదా మేడం, మీరేమంటారు?" అని ఒకమ్మాయి అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ, అప్పటినుంచి కళ్ల ముందు పొగమంచు కదులుతూనే ఉంది. కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో కూడా తెలియడం లేదు. అందుకని ఇది రాసి మీ చేతిలో పెడుతున్నాను. జవాబు అనుకునేరు, కాదు. అంత జవాబు తెలిసినదాన్నయితే డిపో ఇన్‌చార్జిగానే ఎందుకు రిటైరవుతాను?

నేను పరీక్ష రాసి ఈ ఉద్యోగంలోకి రాలేదు. మా ఆయన మన సంస్థలోనే తూకం గుమాస్తా. రంపచోడవరంలో పనిచేస్తూ, జ్వరం తలకెక్కి, వారం తిరక్కుండా పోయాడు. కారుణ్య నియామకం కింద ఆ కుర్చీ నాకిచ్చారు. కుర్చీ అంటే నిజంగా కుర్చీయే, మూడు కాళ్లూ ఒక ఇటుకా. ఇద్దరు ఆడపిల్లల్నీ శృంగవరపుకోటలో మా అమ్మ దగ్గర వదిలి, తొంభైల మధ్యలో కొండెక్కాను. రైలు టైడా దాటి సొరంగంలోకి వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా ఏడ్చాను. సొరంగాలు చాలా ఉంటాయి ఆ దారిలో, ఏడవడానికి వీలుగా.

అప్పట్లో మన పని తేలికైన మాటల్లో చెప్పుకోదగ్గదే. గిరిజనులు సంతకు మోసుకొచ్చే చింతపండు, కుంకుడుకాయ, అడ్డాకు, కాఫీ గింజ మనం గవర్నమెంటు చెప్పిన రేటుకి కొనాలి. సావుకార్ల పాలబడకుండా వాళ్లని కాపాడాలి. నేనది అక్షరాలా నమ్మాను. డిపో గోడ మీద నల్లబల్ల ఉండేది. శుక్రవారం సంత రోజు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, సుద్దతో ఆ వారం రేట్లు గుండ్రంగా రాసేదాన్ని. ఆ అక్షరాలు రాస్తున్నప్పుడు నాకు ఎక్కడలేని గర్వం. దేశంలో ధర్మం నా సుద్దముక్క మీదే నిలబడి ఉందనుకునేదాన్ని, పిచ్చిదాన్ని.

ఆ లోయ నేను బతికిన చోటో, కలగన్న చోటో ఇప్పటికీ తేల్చుకోలేను. శీతాకాలం పదింటిదాకా ఏమీ కనిపించేది కాదు. తెల్లటి మంచులోంచి ముందు గజ్జెల చప్పుడు వచ్చేది, తర్వాత అల్లం వాసన, ఆ తర్వాత మనిషి. కొండవాలు మీద వలిసెలు పసుపుపచ్చగా పూస్తే ఎండ రాకపోయినా వచ్చినట్టే ఉండేది. వేసవి ముందు ఒక్క జల్లు పడిందా, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలన్నీ ఒకేసారి తెల్లగా పూసేవి. మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆ నాలుగు రోజులూ ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదనిపిస్తుంది నాకు. నిజమో కాదో తెలియదు. నా జ్ఞాపకంలో మాత్రం ఎవరూ మాట్లాడరు, ఆ వాసనలో అందరూ మెల్లగా నడుస్తూ ఉంటారు.

సరే, అసలు సంగతి. మొదటి రెండేళ్లూ నా డిపోకి కాఫీ రాలేదు. బోర్డు మీద మన రేటు ఎక్కువ. రోడ్డు అవతల చింతచెట్టు కింద కూర్చునే సావుకారి రేటు తక్కువ. పైగా అతని తూకం రాళ్లు కూడా దొంగవి, ఆ సంగతి సంతలో అందరికీ తెలుసు. అయినా ఆడవాళ్లు మూటలతో నా బోర్డు ముందునుంచే నడిచి వెళ్లి అతని ముందు దించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. వీళ్లకి లెక్క తెలియదా, అందాం అంటే అణా తేడా లేకుండా ఉప్పు బేరమాడతారు.

మా డిపో వాచ్‌మన్ ఆ పక్క పల్లెవాడే. నా చిరాకు చూసి చూసి ఒకరోజు చెప్పాడు. ఆ సావుకారి తండ్రీ, కొండ మీద ఊరిపెద్దా నేస్తం కట్టుకున్నారట, ముప్పై ఏళ్ల కింద. నేస్తం అంటే మనం ఫోన్లో చెప్పుకునే ఫ్రెండు కాదు. ఇద్దరు మనుషులు కొత్త గుడ్డలు మార్చుకుని, ఒకే ఆకులో తిని, పదిమంది ముందు ఒప్పుకుంటే కట్టిన ముడి అది. ఆ రోజునుంచి ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు. పండినదాంట్లో మొదటిది నేస్తానికి. పెళ్లికీ చావుకీ ముందు నేస్తానికి కబురు. తెగదు. "రేటు బోర్డు సూసి ఎవులొత్తారమ్మగారూ," అన్నాడు. "ఆ ఊరి కాపీ కావాలంటే తమరూ నేస్తం కట్టుకోండి."

నవ్వులాటకి అన్నాడో, నిజంగానే అన్నాడో. ఆ ఏడు మేనేజరు నా టార్గెట్ చూసి మీటింగులో నలుగురి ముందు చీవాట్లు పెట్టాడు. నాకు రోషం ముంచుకొచ్చింది. నేస్తం కట్టడానికి కొండెక్కాను. మన సర్వీసు రూల్సులో దీనికి ఏ ఫారమూ లేదు.

ఆ ఊరు పదిహేను గడపలు. ఊరిపెద్ద అప్పటికే పోయాడు, ఆయన భార్య ఉంది. నాకంటే ఓ పదేళ్లు పెద్దది. ముక్కుకి మూడు పోగులు, నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. ఇంటి మాట, తోట మాట, ఊళ్లో సగం మాట ఆమెదే. నేనూ మొగుడు పోయినదాన్నే, నాకూ ఇద్దరు ఆడపిల్లలు అని తెలిశాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను తీసుకెళ్లిన నూలు చీర ఆమె కట్టుకుంది, ఆమె ఇచ్చిన ముతక చీర నేను మోకాళ్ల పైకి ముడేసి కట్టుకున్నాను. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకే అడ్డాకు విస్తరిలో రాగి సంకటి, చిక్కుడు గింజల కూర తిన్నాం. జీలుగు కల్లు నేను తాగనంటే పెదాలకు తడి చేసింది. అంతే. దిగి వస్తుంటే "నేస్తం, జారగలవు" అని వెనకనుంచి కేకేసింది. మా ఆయన పోయాక నేను జారిపడతానేమోనని కంగారుపడ్డ మనిషి ఆమే మొదలు. టార్గెట్ కోసం ఎక్కినదాన్ని కళ్లు తుడుచుకుంటూ దిగాను.

ఆ ఏటినుంచి ఊరు ఊరంతా కాఫీ నా డిపోలోనే దింపింది. ఊరిపెద్ద పోయినా కొత్త ముడి పడేదాకా ఆయన కట్టిందే నడిచిందట, ఇప్పుడు ఆమె ముడి నాతో. సావుకారు వక్క నములుతూ చూశాడు. నేను ఊరుకుంటానా? అతని దొంగ రాళ్ల మీద రెండు పేజీల రిపోర్టు రాసి పంపాను. ఇన్స్‌పెక్టరు వచ్చి రాళ్లు పట్టుకుపోయాడు, జరిమానా వేశాడు. నాకు ఆఫీసులో శాలువా కప్పారు. గిరిజన మహిళల్లో చైతన్యం తెచ్చినందుకట. సంకటి తిన్నందుకని ఎవరికీ చెప్పలేదు.

నేస్తం ఆ ఏళ్లలో సంతకు వచ్చిన ప్రతిసారీ నా క్వార్టర్‌కు వచ్చేది. కాఫీ పండించడమే గానీ వాళ్లెవరూ తాగరు. ఒకసారి చిక్కగా పాలు పోసి, పంచదార వేసి, గ్లాసు చేతిలో పెట్టాను. ఒక గుక్క తాగి బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది. మాడిపోయిన రాగులు నయమంది. దీనికోసమా మీ లోకమంతా ఇంత గొడవ పడుతోంది అని అడిగింది. వేసవి సెలవులకు మా పిల్లలు వస్తే వాళ్లని తోటకి తీసుకెళ్లి రోజంతా తిప్పింది. పెద్దదాని కాలికి ముల్లు గుచ్చుకుంటే వీపున వేసుకుని దించింది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు, బరువు. ఆ వేసవి అంతా నాకు ఒక్క రోజులా గుర్తుంది. ఎప్పుడూ సాయంత్రమే, ఎప్పుడూ గూడ్సు బండి ఎక్కడో సొరంగంలోంచి బయటపడుతున్న చప్పుడు.

తర్వాత, రెండువేల సంవత్సరం దాటాక, ధర పడింది. మీరు మొన్న చెప్పుకున్నారే, ఎక్కడో సముద్రాల అవతల దేశాలు విపరీతంగా పండించాయని, పెద్ద పెద్ద ఒప్పందాలు ఎత్తేశారని. మాకు అవేమీ తెలియవు. మాకు తెలిసింది, ఒక శుక్రవారం సావుకారు చెప్పిన రేటు విని ఒక ముసలాయన తన మూట తనే మళ్లీ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోవడం. వారం వారం తగ్గింది. కోతకూలి కూడా రాదని కొందరు మొక్కలు పీకెయ్యడం మొదలెట్టారు. అప్పుడు గవర్నమెంటు కదిలింది. ఇంతకు తగ్గకుండా మేమే కొంటాం అని ఒక రేటు ప్రకటించింది. ఆ కాగితం నా చేతికొచ్చిన రోజు నేను గాల్లో తేలాను. చూశారా, చూశారా, ఇదే గవర్నమెంటంటే, అని వాచ్‌మన్‌తో అన్నాను. వాడు తలూపాడు. వాడు దేనికైనా తలూపేవాడు.

ఆ కాగితం పట్టుకుని కొండెక్కి ఊరంతటినీ కూర్చోబెట్టాను. సావుకారికి గింజ కూడా ఇవ్వొద్దు, మూడు శుక్రవారాలు ఓపిక పట్టండి, డబ్బు మంజూరు కాగానే మొత్తం నేనే కొంటాను అన్నాను. నిజానికి అప్పటికి సావుకారు ఇస్తానన్న రేటు మరీ అన్యాయం కాదు. కడుపు నిండదు గానీ వానాకాలం గడుస్తుంది. ఇద్దరు ముగ్గురు గొణిగారు. నేస్తం లేచి, మా నేస్తం చెప్పింది కదా, ఉందాం అంది. అంతటితో మాట అయిపోయింది. ఆ కాగితంలో చివరి వాక్యం, నిధుల లభ్యతకు లోబడి, అని ఉంటుందే, మీకూ తెలుసు కదా, దాన్ని నేను వాళ్లకి చదివి వినిపించలేదు. దాచిపెట్టాలని కాదు. ప్రతి కాగితంలోనూ ఉండే మాటే కదా అని.

మూడో శుక్రవారం పొద్దున్న బోర్డు మీద రేటు రాశాను. సుద్ద ఇంకా చేతిలోనే ఉంది, లోపల ఫోను మోగింది. మేనేజరు. నిధులు అయిపోయాయి, పై ఆర్డర్లు వచ్చేదాకా కాఫీ కొనుగోలు ఆపెయ్, తలుపు కూడా వేసేసుకో, గొడవలవుతాయి అన్నాడు. వాళ్లని నేనే ఆపాను సార్ అన్నాను. ఎవరాపమన్నారు నిన్ను అన్నాడు. ఆ మాటతోనే ఫోను పెట్టేశాడు.

నేను బయటికొచ్చి, తలుపుకు తాళం వేసి, బోర్డు తుడిచేశాను. మంచు ఇంకా విడలేదు. అందులోంచి ఒకరి వెనక ఒకరు, కావిళ్లూ నెత్తిమూటలూ వస్తున్నారు. ముందు నేస్తం. మూడు కొండలు దిగి వచ్చారు వాళ్లు. ఆమె వంతు నాలుగు మూటలు, రెండు తన కావిడిలో, రెండు ఊరివాళ్ల నెత్తిన, ఏడాది మొత్తం పంట. తలుపుకు వేసిన తాళాన్ని చూసింది, బోర్డు చూసింది, నన్ను చూసింది.

నేను ఏదేదో చెప్పాను. ఆర్డరన్నాను, పైవాళ్లన్నాను, వచ్చే నెలన్నాను. మిగతా ఆడవాళ్లు ఒక్కరొక్కరే రోడ్డు దాటి చింతచెట్టు కిందికి పోయారు. ఈ మూడు వారాల్లో ఆ రేటు సగానికి సగం పడిపోయింది. ఒకామె నా ముందు నుంచి వెళ్తూ నేలమీద ఉమ్మింది. ఆమెను నేను ఇప్పటికీ ఏమీ అనుకోను.

నేస్తం మాత్రం కదల్లేదు. మూటలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి డిపో వరండాలో గోడవారగా పేర్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కొనలేను నేస్తం, నా చేతుల్లో లేదు అన్నాను.

"అమ్మడానికి కాదు," అంది. "ఇయ్యి నీయి. ఉంచుకో."

"నేనేం చేసుకుంటాను?"

"ఏటి సేసుకుంటావో సేసుకో. నేస్తానికిచ్చింది ఎనక్కి మొయ్యకూడదు."

ఖాళీ కావిడి భుజాన వేసుకుని మంచులోకి వెళ్లిపోయింది. ఉప్పు కూడా కొనుక్కోలేదు ఆ వారం.

ఇప్పుడు మీకు నా పరిస్థితి చెప్తాను. కొనడానికి రేటు లేదు. ఊరికే తీసుకుంటే గవర్నమెంటు ఉద్యోగి గిరిజనుల దగ్గర కానుక తీసుకున్నట్టు. అమ్మితే సొంత వ్యాపారం చేసినట్టు. డిపోలో ఉంటే రికార్డులో లేని సరుకు. మేనేజరుకు ఫోన్ చేస్తే, సాయంత్రానికల్లా అక్కడ ఒక్క గింజ కనిపించకూడదు, నీ ఉద్యోగం మీదికొస్తుంది అన్నాడు. ఇద్దరు పిల్లలు ఆ ఉద్యోగం మీదే ఉన్నారు. వాచ్‌మనూ నేనూ కలిసి నాలుగు మూటల్నీ నా క్వార్టర్ ముందుగదిలోకి చేర్చాం.

మర్నాడు పొద్దున సావుకారు మా గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. చెప్పులు బయటే విడిచి, ఆ మూటలు నేను తీసుకుంటానమ్మా, రేటు అందరికిచ్చిందే, డబ్బు నేనే కొండ మీద ఆమె చేతిలో పెట్టి వస్తాను అన్నాడు. నాకు రక్తం మరిగింది. వీడి పాలబడకూడదనే కదా ఇన్నేళ్ల నా ఉద్యోగం. దొంగ రాళ్ల మనిషి నాకు న్యాయం చెప్పడానికి వచ్చాడా? బయటికి నడవమన్నాను. అతనికి కోపం రాలేదు. చెప్పులు వేసుకుంటూ, "తమరు సెడ్డోరు కారమ్మా. తడి మటుకు సరుకు మంచోళ్లదా సెడ్డోళ్లదా సూడదు," అని వెళ్లిపోయాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన ఒకే ఒక్క సరైన సలహా అది. దాన్ని గుమ్మం దాటనివ్వలేదు.

అలా ఆ కాఫీ నాతో కాపురం పెట్టింది. గింజ ఎండిందో లేదో పంటికింద కొరికి చూడడం నా పని. టక్కుమంటే ఎండినట్టు. వచ్చినప్పుడు నేస్తం గింజలు పలుగురాయిలా టక్కుమన్నాయి, అంత శ్రద్ధగా ఎండబెట్టింది. ఆపిన కొనుగోలు మళ్లీ మొదలవుతుంది, అప్పుడు ఆ రేటుకే ఆమె పేరున రాసేస్తాను అని రోజూ అనుకునేదాన్ని. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. తోటలు పూసి రాలాయి, నేను పోయి చూడలేదు. ఆమె సంతకు రావడం మానేసింది. తొలకరి పడ్డాక అరకు గాలిలో నీళ్లుంటాయి, గోడకు తగిలించిన చీర కూడా చెమ్మగా ఉంటుంది. గింజ మెత్తబడింది. పంటికింద నొక్కుకుపోయింది. తర్వాత తెల్లబారింది, తర్వాత బూజు. నిద్రలో కూడా ఆ పుల్లటి వాసన. కళ్లు మూసుకుంటే మూటలు గదంతా పెరిగినట్టు, నేను వాటి మధ్య ఒత్తుకుని పడుకున్నట్టు ఉండేది.

అప్పుడు నాకు ఒక ఆలోచన పుట్టింది. దాన్ని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నేస్తం తెలివైనది, ఆ మూటలు ఊరికే ఇవ్వలేదు అనిపించింది. కొండమీద ఆషాఢం శ్రావణం ఆకలి నెలలు, పాత గింజ అయిపోయి కొత్త పంట రాని రోజులు. అప్పుడు దిగి వస్తుంది. నా పంటంతా నీకిచ్చాను, ఇప్పుడు నాకు పెట్టు అంటుంది. నేస్తం కట్టుకున్నదాన్ని, పెట్టనంటే కుదరదు. ఆమెకొక్కదానికీ పెడితే అయ్యేదా, పదిహేను గడపలు నా మాట విని మునిగినవే. వానలో ఎవరు గొడుగు పట్టుకుని గేటు దగ్గర కనిపించినా లోపలికి పోయి గడియ పెట్టుకునేదాన్ని. ఆకలితో ఉన్నవాళ్ల మొహం చూడలేకపోయాను. పిల్లల చదువని రాసి, శృంగవరపుకోట గోడౌనుకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. మేనేజరు వెంటనే సంతకం పెట్టాడు, ఆయనకూ నేను ఎదురుగా లేకపోవడమే హాయి. మూటలు ఆ గదిలోనే వదిలేశాను. కొండ మీదికి వెళ్లి చెప్పి రాలేదు. పొద్దుటి రైలెక్కి, కిటికీ తలుపు దించుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు, మీరే మొన్న చెప్పారు. రెండు మూడేళ్లకి ధర లేచింది. కంపెనీలు వచ్చాయి, పోటీపడి కొన్నాయి, మనమూ కొన్నాం. ఆ లోయ కాఫీకి పేరొచ్చింది, అందమైన పొట్లాల్లోకి ఎక్కింది. మార్కెట్ తనే సర్దుకుంది చూశారా అని మీలో ఒకరంటే, గవర్నమెంటు మొక్కలివ్వకపోతే సర్దుకోడానికి తోటలేవీ అని ఇంకొకరన్నారు. ఇద్దరిదీ నిజమే అయ్యుంటుంది. సర్దుకునేలోపు మనుషులు ఏం తిన్నారన్నది మీ ఇద్దరి మాటల్లోనూ రాలేదు.

రిటైర్మెంటు ఏడాది ఉందనగా, పంట చూసి రమ్మని ఆఫీసు జీపులో నన్ను ఆ కొండలకే పంపారు. తప్పించుకుందామని చూశాను, కుదరలేదు. రోడ్డు ఇప్పుడు ఊరిదాకా పడింది. మంచు అలాగే ఉంది. మిరియాల తీగలు పాకిన చెట్ల కింద, వాకిట్లో చాప మీద గింజలు కలబెడుతూ నేస్తం కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. జీపు దిగిన నన్ను పోల్చడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. పోల్చాక కళ్లు మూసుకుపోయేలా నవ్వింది. నేస్తం, అంది.

అక్కడే చాప పక్కన కూలబడ్డాను. తప్పు చేశాను, నీ సరుకు కుళ్లబెట్టాను, నువ్వు వానల్లో వస్తావేమోనని పారిపోయాను అని చెప్పడానికి ఏళ్ల తరబడి కూడబలుక్కున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ముందు ఆమే మాట్లాడింది, నా మోకాలి మీద చెయ్యి వేసి.

ఆ వానల్లో వచ్చిందట. కుండ అడుగున ఉన్న రాగులు, ఎండబెట్టిన దుంపలు ఒక బుట్టలో వేసుకుని, వాగు పొంగితే ఒకరోజంతా ఒడ్డునే కూర్చుని, మర్నాడు దాటి వచ్చిందట. నా క్వార్టర్‌కు తాళం. కిటికీలోంచి చూస్తే నాలుగు మూటలూ అలాగే ఉన్నాయట.

"కొట్టు మూసీసినాక నీకెవులు పెడతారు? గుంటలేటి తింటారు?" అని మా ఆడపిల్లల్ని తలుచుకుంది. "అయ్యి అమ్ముకుని ఆళ్లకి పెట్టుకుంటావని ఇచ్చినాను. అమ్ముకోడం కూడా నీకు సేత కానేదు గావాల. ఆకలికి తట్టుకోనేక ఎలిపోనావనుకున్నాను. సానా ఏడిసినాను."

సావుకారు కొట్టు మూస్తే సావుకారింట్లో పొయ్యి వెలగదు. ఆమెకు తెలిసిన లోకంలో అంతే. మా డిపోకి తాళం పడ్డాక నేనూ పస్తులే అనుకుంది. పంటంతా ఇచ్చేసి, సంతకు రావడానికి చేతిలో ఏమీ లేక, తన ఊరు చింతపిక్కల అంబలి తాగుతూ ఉంటే, ఆమె నా కోసం వాగు దాటింది. నేను దాక్కున్నది ఆ బుట్ట నుంచి.

ఏడుపు ఆగలేదు నాకు. ఆమె నేను పడ్డ కష్టాలకు ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. కాసేపయ్యాక, పక్కన జీపు డ్రైవరు వినకూడదన్నట్టు ముందుకు వంగి అడిగింది.

"ఇప్పుడు జీతం ఇత్తన్నారా నేస్తం?"

ఇస్తున్నారన్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ గింజలు కలబెట్టడం మొదలెట్టింది. కొనుగోలు ఆపిన ఆ శుక్రవారం తర్వాత కూడా నాకు ప్రతి నెలా ఒకటో తారీఖునే జీతం వచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పకుండానే జీపెక్కాను.